ఫిల్మ్ ప్రింటుకు తలంటు: వాడి చూసిన మూడు మందులు, ఒక పాత పంచె

ఈ వేసవిలో మా ఊరి పాత ఇనప సామాన్ల కొట్టులో తుప్పు పట్టిన డబ్బా ఒకటి దొరికింది. మూత బిగుసుకుపోయి ఉంది. స్పూను కాడతో చుట్టూ నెమ్మదిగా లేపుకుంటూ వస్తే పావుగంటకి ఊడింది. లోపల 16 ఎం.ఎం. రీలు, 400 అడుగులది, బ్లాక్ అండ్ వైట్. నాలుగు మూరలు విప్పి కిటికీ వెలుతురుకి పట్టి చూస్తే కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల న్యూస్ రీల్. ఒకప్పుడు ప్రతి హాల్లో అసలు సినిమాకి ముందు తప్పనిసరిగా వేసినవి ఇవే. 16 ఎం.ఎం. ప్రింట్లని ప్రభుత్వం వాళ్ల వ్యానులు ఊరూరా తీసుకెళ్లి, తెల్లగుడ్డ కట్టి వేసేవి. అంచు మీద వేలు పెడితే నల్లటి జిడ్డు అంటుకుంది. చుట్టని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. పులుపు వాసన లేదు, అంటే కుళ్లడం మొదలవ్వలేదు. బతికే ఉందన్నమాట.

ఈ రీలుని, దీనితో పాటు ఇంకో రెండిటిని శుభ్రం చేయడానికి మూడు రకాల మందులు వాడాను. ఏది ఎలా పనిచేసిందో రాస్తే ఇంట్లో నాలుగు రీళ్లు దాచుకున్నవాళ్లకి పనికొస్తుందని ఇదంతా. ఫిల్మ్ కడిగే మందుల గురించి తెలుగులో చెప్పేవాళ్లు దాదాపు లేరు. తెలిసిన ఆపరేటర్లలో చాలామంది పోయారు, ఉన్నవాళ్లు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు.

నేను 1981లో గుంటూరు జిల్లాలో ఒక హాల్లో అసిస్టెంట్‌గా చేరాను. 2009లో మా క్యాబిన్‌లోకి డిజిటల్ పెట్టె వచ్చేదాకా ఆపరేటర్‌గానే ఉన్నాను. ఇప్పుడు ఇంట్లో 31 రీళ్లున్నాయి. ఎక్కువ 16 ఎం.ఎం.వే, 35 ఎం.ఎం.వి ఐదు. మేడ మీద గదిలో ఒక 16 ఎం.ఎం. ప్రొజెక్టర్, ఎనిమిదడుగుల తెర. ఏడాదికి నాలుగైదుసార్లు వేస్తాను.

మా హాలు సి సెంటర్. ప్రింటు విజయవాడలో వంద రోజులాడి, గుంటూరు, తెనాలి తిరిగి, చివరికి మా దగ్గరికొచ్చేది. అప్పటికి ప్రింటు నిండా గీతలు పడి తెర మీద వాన కురుస్తూ ఉండేది. జనం దాన్ని వానే అనేవాళ్లు. "ప్రింటు ఎలా ఉంది, వాన పడుతోందా?" అని టికెట్ కౌంటర్ దగ్గరే అడిగేవాళ్లు. అదంతా దుమ్ముతో నడిపిన ఫలితం. ప్రింటుకి దెబ్బ ఒక్క రోజులో తగలదు. ప్రొజెక్టర్‌లో దీపం ముందు ఫిల్మ్ నడిచే గేటులో ఒక ఇసుక రేణువు ఇరుక్కుంటే రీలు పొడవునా గీత పడుతుంది. ఆ గీతలో మళ్లీ మురికి చేరుతుంది. తర్వాతి ఊళ్లో మరో గీత.

మా గురువుగారు ప్రింటు పెట్టె దిగగానే ముందు ప్రతి రీలునీ చేత్తో రివైండ్ చేస్తూ అంచులు చూసేవారు. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఫిల్మ్ అంచులు జారుతుంటే ప్రొజెక్టర్ పళ్లు పట్టుకునే అంచు రంధ్రాల్లో చిరిగింది ఎక్కడుందో వేలికే తెలిసిపోయేది. తర్వాత గుడ్డ. అప్పట్లో మందు అంటే కార్బన్ టెట్రాక్లోరైడ్. మేం "కార్బన్ టెట్రా" అనేవాళ్లం. జిడ్డుని క్షణంలో లాగేసేది, మంట అంటుకోదు, వెంటనే ఆరిపోయేది. తియ్యటి వాసన వేసేది. కిటికీ లేని క్యాబిన్‌లో రెండు గంటలు ఆ పని చేస్తే తల పగిలిపోయేది, అన్నం సయించేది కాదు. అది కాలేయాన్ని తినేస్తుందని మాకెవరూ చెప్పలేదు. తర్వాత ఓజోన్ పొరకి చేటని మాంట్రియల్ ఒప్పందం కింద దాన్నీ, ల్యాబుల్లో వాడే ట్రైక్లోరోఈథేన్‌నీ ఆపేశారు. ఇప్పటికీ ఎవరి దగ్గరైనా పాత సీసా అడుగున కాస్త మిగిలి ఉంటే దయచేసి వాడకండి. ఫిల్మ్ కోసం అయినా సరే.

గురువుగారు ఒక మాట ఎప్పుడూ అనేవారు. "ఒరేయ్ అబ్బాయ్, ప్రింటు కడగడమంటే తలంటు పోయడం. కుంకుడుకాయ ఒక్కటే సరిపోదు, నూనె కూడా ఉండాలి. కాకపోతే ఇక్కడ వరస తిరగబడుతుంది. ముందు కుంకుడు, తర్వాత నూనె." నలభై ఏళ్ల తర్వాత ఈ మూడు మందులూ వాడుతున్నంతసేపూ నా చెవిలో ఆ మాటే తిరిగింది. మొదటిది కుంకుడు మాత్రమే. రెండోది పేరుకి రెండూ, నిజానికి పాడు నూనె. మూడోది రెండూ కలిసినది.

నూనె ఎందుకో కొంచెం చెప్పాలి. ఫిల్మ్ ప్రొజెక్టర్ గేటులో జారుతూ పోదు. ఫ్రేము ఫ్రేముకీ ఆగి, ఒక్క ఊపున కిందికి లాగబడుతుంది. సెకనుకి 24 సార్లు. పైనుంచి దీపం వేడి, రెండు వైపులా బిగించి పట్టుకున్న పట్టాలు. ఆ రాపిడిని తట్టుకోవడానికి ల్యాబులోనే కొత్త ప్రింటు అంచులకి సన్నగా మైనం పూత వేస్తారు. ఆ పూత సరిగ్గా పడని కొత్త ప్రింటు వస్తే మొదటి ఆటలోనే తెలిసిపోయేది. గేటు దగ్గర చర్రుమని చప్పుడు, బొమ్మ సన్నగా వణుకు. ఆట అయ్యాక గేటు తెరిస్తే పట్టాల మీద ఎమల్షన్, అంటే ఫిల్మ్ మీద బొమ్మ ఉండే పూత, గోధుమరంగు పెచ్చులాగా గట్టిపడి ఉండేది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకితే పట్టా మీద గాటు పడుతుంది, ఆ గాటు ఇక వచ్చే ప్రతి ప్రింటునీ గీస్తుంది. అందుకని గురువుగారు వెదురు పుల్ల చెక్కి పెట్టుకునేవారు. అలాంటి ప్రింటు అంచులకి తెల్ల కొవ్వొత్తిని లైట్‌గా రాసి, పొడి గుడ్డతో తుడిచి అప్పుడు ఎక్కించేవారు. రంధ్రాల వరస మీదే, బొమ్మ మీదికి రాకుండా. అదే మా హాల్లో లూబ్రికేషన్.

కాబట్టి ఏ ద్రావకంతోనైనా జిడ్డు లాగేశామంటే ఆ మైనం కూడా పోయినట్టే. శుభ్రం చేశాం కదా అని మళ్లీ ప్రొజెక్టర్‌లో పెడితే మురికి ప్రింటు కంటే ఎక్కువ దెబ్బ తినే అవకాశం ఉంది. చాలామంది ఇక్కడే పొరపడతారు.

ఇక మందుల సంగతి.

మొదటిది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కోవిడ్ తర్వాత ఇది దొరకడం తేలికైంది. మొదటిసారి పక్క టౌన్‌లో ఒక కెమికల్ షాపులో 99 శాతం కావాలని అడిగి తెచ్చాను. డబ్బా మీద వేరే లేబుల్ ఏమీ లేదు, చేత్తో రాసిన కాగితం ముక్క మాత్రం ఉంది. అదృష్టం బాగుండి ముందు రీలు చివర పనికిరాని తోక ముక్క మీద ప్రయత్నించాను. పది సెకన్లలో ఆరిపోవాల్సింది నిమిషం గడిచినా తడిగానే ఉంది. ఎమల్షన్ వైపు వేలు ఆనిస్తే జిగురుగా తగిలింది. అది 70 శాతానిది, చేతులు కడుక్కునే రకం. మిగతా 30 శాతం నీళ్లే. ఎమల్షన్ అంటే జెలటిన్. నీళ్లు తగిలితే మరమరాల్లాగా ఉబ్బి మెత్తబడుతుంది, ఆ సమయంలో గుడ్డ తగిలితే బొమ్మే లేచి వచ్చేస్తుంది. తిరిగి వెళ్లి అడిగితే "రెండూ ఒకటేనండీ, అందరూ ఇదే తీసుకెళ్తారు" అన్నాడు షాపతను. ఒకటి కాదు. ల్యాబ్ గ్రేడ్ సీలు తీయని సీసా, మీద 99 కానీ 99.5 కానీ అచ్చు వేసి ఉన్నదే తీసుకోండి. నాకు లీటరు ఐదు వందల లోపే పడింది.

సరైన సీసా దొరికాక ఆల్కహాల్ బాగానే పనిచేసింది. న్యూస్ రీల్ మొదటి 200 అడుగులు దీనితోనే చేశాను. వేలిముద్రలు, మెషీన్ ఆయిల్ మరకలు, అంచున పేరుకున్న నల్ల జిడ్డు చాలావరకు పోయాయి. కానీ రెండు ఇబ్బందులు. ఒకటి, ఇది పెట్రోల్‌లాగా అంటుకుంటుంది. కిటికీలు రెండూ తెరిచి, దేవుడి దగ్గర దీపం కొండెక్కాక, వంటింటి తలుపు మూసి పని చేశాను. రెండోది, నేను చెప్పిన పొడిదనం. ఆరిన రీలుని ప్రొజెక్టర్‌లో వేస్తే 80 అడుగుల దగ్గరికొచ్చేసరికి గేటు చప్పుడు మారిపోయింది. ఆ చప్పుడు నాకు ఎంత బాగా తెలుసంటే, పక్క గదిలో ఉన్నా లేచి వచ్చి ఆపేసేవాణ్ణి. ఆపి, కొవ్వొత్తి తీసి, పాత పద్ధతిలో అంచులకి రాసి మళ్లీ వేశాను. చప్పుడు సర్దుకుంది. 16 ఎం.ఎం. సౌండ్ ప్రింటుకి ఒక వైపే రంధ్రాలుంటాయి, రెండో వైపు సౌండ్ ట్రాక్. కొవ్వొత్తి ఆ వైపు తగిలితే మాట మసకబారుతుంది. కాబట్టి ఈ పని 35లో ఉన్నంత తేలిక కాదు.

రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించిన సీసా. "క్లీనర్ ప్లస్ లూబ్రికెంట్" అని రాసి ఉంది. పేరు రాయదలుచుకోలేదు. తుడిచిన వెంటనే రీలు తళతళలాడింది. చూడటానికి ఆనందంగానే ఉంది. మర్నాడు ఒక జాయింట్, అంటే రెండు ఫిల్మ్ ముక్కలు అతికిన చోటు, ఊడింది. కొత్తగా టేపు వేయబోతే అంటుకోదు. రెండుసార్లు, మూడుసార్లు నొక్కినా అంచు లేచిపోతోంది. అందులో ఉన్నది సిలికాన్ నూనె. సిలికాన్ జారుడు బాగా ఇస్తుంది కానీ ఒకసారి పట్టిందంటే వదలదు, ఫిల్మ్ సిమెంటు అనే జిగురుతో వేసిన జాయింటూ టేపు జాయింటూ దాని మీద నిలవవు. ఆ భాగాన్ని ఆల్కహాల్‌తో నాలుగుసార్లు తుడిస్తే గానీ టేపు పట్టలేదు. రీలులో జాయింట్లు లేకుండా ఉండవు, రేపు కొత్తవి వేయకుండానూ కుదరదు. కాబట్టి సిలికాన్ ఉన్న ఏ మందునీ ఫిల్మ్ దగ్గరికి రానివ్వకండి. కుట్టుమిషన్ స్ప్రేలు, తలుపు బందులకి కొట్టే స్ప్రేలు కూడా అంతే.

మూడోది ఫిల్మ్‌గార్డ్. అమెరికాలో ఫిల్మ్ టెక్ అనే సినిమా టెక్నీషియన్ల సంస్థ తయారు చేసింది. మా మేనల్లుడు అక్కడే ఉంటాడు, అడగ్గానే తెప్పించి పంపాడు. ఇది మొదట థియేటర్ల కోసం పుట్టిన మందు. నడుస్తున్న ప్రొజెక్టర్‌కే ఒక చిన్న యంత్రం తగిలించి, అందులో గుడ్డ చుట్టలకి ఈ మందు పట్టించి ఉంచితే ఆట ఆడుతుండగానే ప్రింటు రెండు వైపులా తుడుచుకుంటూ పోతుంది. చేత్తో కూడా వాడొచ్చు.

దీని గుణం మిగతావాటికి పూర్తిగా వేరు. ఆల్కహాల్ ఆరిపోవాలి, ఇది ఆరిపోకూడదు. కంటికి కనపడనంత పల్చగా ఫిల్మ్ మీద నిలిచిపోతుంది. మురికిని వదులు చేస్తుంది, జారుడిస్తుంది, పాలియెస్టర్ ప్రింట్లకి ఉండే స్టాటిక్‌ని, అంటే రాపిడికి పుట్టే కరెంటుని, తగ్గిస్తుంది. ఆ స్టాటిక్ వల్లే పాలియెస్టర్ ఫిల్మ్ గదిలో ఉన్న దుమ్మంతా తన మీదికి లాక్కుంటుంది. 90లలో ప్రింట్లు పాలియెస్టర్‌లోకి మారాక మేం పడ్డ బాధల్లో ఇదొకటి. ఫిల్మ్ తెగదు, నిజమే. దుమ్ము మాత్రం వదలదు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది గీతల విషయం. న్యూస్ రీల్ రెండో సగం, 200 అడుగులు, దీనితో చేశాను. మొదటి సగంలో కూడా ఇలాంటి గీతలే. ఒకే రీలు, ఒకే దెబ్బలు, రెండు మందులు. తెర మీద వేసి చూస్తే మొదటి సగంలో మురికి పోయింది గానీ వాన అలాగే ఉంది. రెండో సగం మొదలవగానే వాన సగానికి పైగా తెరిపిచ్చింది. మా ఆవిడ సినిమా సంగతుల్లో పెద్దగా కల్పించుకోదు. ఆవిడే "ఇక్కణ్ణుంచి వేరే ప్రింటా?" అని అడిగింది.

కారణం తేలిక. బాత్రూం కిటికీకి గరుకు అద్దం ఉంటుంది కదా, దాని మీద నీళ్లు పడితే ఆ మేర అవతలి మనిషి కనపడతాడు. గరుకుదనం వల్ల చెదిరే వెలుతురు, నీళ్లు ఆ గుంటల్ని నింపగానే నేరుగా పోతుంది. ఫిల్మ్ నున్నటి వైపు, అంటే ఎమల్షన్ లేని వైపు, పడిన గీత కూడా అలాంటి గుంటే. వెలుతురుని చెదరగొట్టి తెర మీద నల్ల గీతగా కనపడుతుంది. మందు ఆ గుంటలో నిండితే గీత మాయమవుతుంది. పెద్ద ల్యాబుల్లో ప్రింటు తీసేటప్పుడు నెగెటివ్‌ని ద్రావకంలో తడిపి వెలుతురు పంపే పద్ధతి ఉంది, వెట్ గేట్ అంటారు. సూత్రం అదే.

ఎమల్షన్ వైపు పడ్డ గీతలకి మాత్రం ఏ మందూ లేదు. అక్కడ పోయింది బొమ్మే. కలర్ ప్రింటులో ఇది రంగు చూసి చెప్పొచ్చు. పైపొర మెజెంటా (గులాబీ ఎరుపు). అది ఒక్కటే గీసుకుపోతే తెర మీద ఆకుపచ్చ గీత. ఇంకొంచెం లోతుకి దిగి సయాన్ (ఆకాశనీలం) పొర కూడా పోతే పసుపు గీత. మూడు పొరలూ పోతే తెల్ల గీత. నా 35 ఎం.ఎం. ట్రైలర్ ఒకదానిలో కుడి వైపు ఆకుపచ్చ గీత ఒకటి మొదటి నుంచి చివరిదాకా ఉంది. ఫిల్మ్‌గార్డ్ రెండుసార్లు పట్టించాను. వెంట్రుక వాసి కూడా తగ్గలేదు, తగ్గుతుందని వాళ్లు చెప్పనూ లేదు.

మొదటిసారి నేను మందు ఎక్కువ పట్టించాను. తుడిచిన రాత్రే ఆత్రం ఆపుకోలేక తెర మీద వేశాను. నీళ్ల మీద నూనె తేలినట్టు మచ్చలు మచ్చలుగా బొమ్మ మీద కదిలాయి. భయమేసింది, రీలు పోయిందనే అనుకున్నాను. పొడి గుడ్డతో ఒకసారి తుడిచి, చుట్ట వదులుగా చుట్టి నాలుగు రోజులు ఉంచాక మళ్లీ వేస్తే మచ్చలు లేవు. గుడ్డ తడిసీ తడవనట్టు ఉండాలి. పిండితే చుక్క రాకూడదు. 200 అడుగులకి ఒక టీస్పూను కూడా పట్టలేదు. ఖరీదు ఎక్కువే, ఇక్కడికి తెప్పించుకోవడం ఇంకా ఖర్చు. కానీ ఈ లెక్కన నా రీళ్లన్నిటికీ ఒక్క సీసా చాలా ఏళ్లు వస్తుంది.

ఇక గుడ్డ. మందు కంటే గుడ్డే ముఖ్యమని నా గట్టి నమ్మకం, అందుకే దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మ్యాచింగ్ సెంటర్‌లో మెత్తటి వెల్వెట్ అరమీటరు కొన్నాను, మెరూన్ రంగుది. తెల్లది లేదన్నారు. ఆల్కహాల్ తగలగానే రంగు దిగింది. ఫిల్మ్‌కి అంటకముందే నా గ్లౌజు మీద చూసి ఆపాను. కళ్లద్దాల మైక్రోఫైబర్ గుడ్డ బాగానే ఉంది గానీ మురికిని తనలోకి లాక్కుని దాచేస్తుంది, ఎప్పుడు మడత మార్చాలో తెలియదు. చివరికి గురువుగారి గుడ్డకే వచ్చాను. పాత మల్లు పంచె. కనీసం రెండేళ్లు కట్టి ఉతికినది. గంజి పెట్టకూడదు, నీలిమందు పెట్టకూడదు. గంజి పెట్టిన గుడ్డ ఎంత మెత్తగా అనిపించినా అందులో బియ్యపు పిండి గట్టి రేణువులుగా ఉంటుంది. వేడినీళ్లలో సబ్బు లేకుండా రెండుసార్లు జాడించి, దుమ్ము లేని గదిలో ఆరబెట్టి, జానెడు ముక్కలుగా చింపాలి. కత్తిరిస్తే అంచు నుంచి పోగులు రాలతాయి. చింపి, అంచులు లోపలికి మడవాలి. చేతినిండా ముక్కలు ఉంచుకోవాలి, పొదుపు చేయకూడదు.

పని ఇలా చేస్తాను. టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి రెండు రివైండర్లు ఒక బారెడు దూరంలో బిగిస్తాను. ముందు మందు లేకుండా ఒకసారి చేత్తో చుట్టి, చిరుగులు, ఊడబోతున్న జాయింట్లు సరిచేస్తాను. ఇది మానేసి నేరుగా తుడవడం మొదలుపెడితే గుడ్డ చిరిగిన రంధ్రానికి తగులుకుని ఫ్రేము వరకు చీల్చేస్తుంది. తర్వాత గుడ్డని నాలుగు మడతలు పెట్టి ఫిల్మ్‌ని మధ్యలో ఉంచి బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుంటాను. నొక్కకూడదు. కోడిపిల్లని పట్టుకున్నట్టు ఉండాలి. కుడి చేత్తో హ్యాండిల్ తిప్పుతుంటే ఫిల్మ్ వేళ్ల మధ్య జారుతుంది. జాయింటు వచ్చినప్పుడు గుడ్డ ఎత్తేస్తాను.

ప్రతి పది అడుగులకి ఆపి, గుడ్డ విప్పి చూస్తాను. న్యూస్ రీల్ మొదటి పది అడుగులకి గుడ్డ మీద రెండు నల్లటి గీతలు, అగ్గిపుల్ల మందాన, అంచుల వరస మేర. మధ్యలో బూడిద రంగు మరక. ఆ మరకలో ఒక మెరుపు కనపడింది. భూతద్దం పెట్టి చూస్తే ఇసుక రేణువు, సూదిమొన కంటే చిన్నది. చూడకుండా ఇంకో పదడుగులు లాగి ఉంటే అదే గుడ్డతో నేనే కొత్త గీత గీసి ఉండేవాణ్ణి. 16 ఎం.ఎం. ఫ్రేము వెడల్పు సుమారు పది మిల్లీమీటర్లు. నా ఎనిమిదడుగుల తెర మీద అది దాదాపు 250 రెట్లు పెరుగుతుంది. మిల్లీమీటరులో పదో వంతు గీత తెర మీద అంగుళం మందం అవుతుంది. అందుకే పది అడుగులకి ఒక కొత్త మడత. 400 అడుగులకి 40 మడతలు. తెర మీద 11 నిమిషాలు ఆడే రీలుకి నాకు గంట పట్టింది. ఆల్కహాల్ అయితే ఫిల్మ్ అవతలి చుట్టకి చేరేలోపు ఆరిపోవాలి, లేకపోతే చుట్టలో పొరలు అంటుకుంటాయి. ఆ బారెడు దూరం అందుకే.

నాకున్న మరో రీలు కలర్ 35 ఎం.ఎం., 70లలోది. వెలుతురుకి పట్టి చూస్తే అంతా ఎర్రగా, మనుషుల ముఖాలు ఇటుక రంగులో కనపడతాయి. ఆ కాలం ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో సయాన్ రంగు ముందుగా వెలిసిపోతుంది, మిగిలేది ఎరుపే. ఎవరైనా మందుతో రంగు తెప్పిస్తామంటే నమ్మకండి. రీలు దాచుకోండి, చల్లగా, పొడిగా. అంతకుమించి ఇంట్లో చేయగలిగింది లేదు. అలాగే డబ్బా తెరవగానే ఆవకాయ జాడీలాగా పుల్లటి వాసన వస్తే అది ఫిల్మ్ తయారైన అసిటేట్ అనే ప్లాస్టిక్ కుళ్లడం, వెనిగర్ సిండ్రోమ్ అంటారు. ఆ రీలుని మిగతావాటికి దూరంగా పెట్టండి, ఆ ఆవిరి పక్కవాటిని కూడా పాడు చేస్తుంది. మన కోస్తాలో తేమకి బూజు పట్టిన రీళ్లు కూడా ఎక్కువ. బూజు ఎమల్షన్‌నే తింటుంది కాబట్టి తడి గుడ్డ అసలు తగలనివ్వకూడదు. ఇక 1950కి ముందు రీలు ఏదైనా దొరికి, అంచు మీద నైట్రేట్ అని ఇంగ్లిషులో ఉంటే, దాన్ని ఇంట్లో ఉంచుకోకండి. తుడవకండి, ప్రొజెక్టర్‌లో అసలే వేయకండి. అంటుకుంటే నీళ్లకి కూడా ఆరదు. పుణేలో 1964 నుంచి నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, వాళ్లని సంప్రదించండి.

2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిల్మ్ సంరక్షణ మీద వర్క్‌షాప్ పెట్టారు. అప్పట్లో నాకు ఆ సంగతి తెలియలేదు, అయిపోయాక తెలిసింది. ఇప్పటికీ ఆ బాధ ఉంది. మళ్లీ మన దగ్గర జరిగితే నా వయసు చూసుకోకుండా వెళ్తాను. రివైండర్ ముందు కూర్చుని చేసే పనిలో సగం చూసి నేర్చుకునేదే.

కొనేవాళ్లకి నా సలహా ఇది. మీ దగ్గర ఒకటి రెండు రీళ్లే ఉండి, వాటిని దాచుకోవడమే తప్ప తరచుగా వేయకపోతే, సీలున్న 99 శాతం ఆల్కహాల్, పాత పంచె చాలు. సౌండ్ కోసం అంచున గోధుమరంగు మాగ్నెటిక్ పట్టీ ఉన్న ప్రింటైతే ముందు తోక మీద ఒక అంగుళం ప్రయత్నించండి. పట్టీ రంగు గుడ్డకి అంటితే ఆపేయండి. ప్రొజెక్టర్‌లో వేసి చూసే అలవాటుంటే ఖర్చు గురించి ఆలోచించకుండా ఫిల్మ్‌గార్డ్ తెప్పించుకోండి. నలుగురు కలిసి ఒక సీసా పంచుకున్నా చాలు. ఐదుకి నేను దానికి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు ఇక్కడ దొరకనందుకే. ఆల్కహాల్‌కి మూడు. రెండో సీసాకి ఏమీ ఇవ్వను.

న్యూస్ రీల్ మొదటి సగాన్ని కూడా పోయిన ఆదివారం ఫిల్మ్‌గార్డ్‌తో మళ్లీ చేశాను. కొవ్వొత్తి మైనం గుడ్డకి తెల్లటి పొరగా వచ్చింది. ఇంకో నాలుగు రోజులు అలా ఉంచి, శనివారం రాత్రి పూర్తిగా వేస్తాను. మా ఆవిడ ఈసారి పక్కింటివాళ్లని కూడా పిలిచింది.